దిమ్మ మీద టోపీ

శనివారం, రాత్రి

ఇవాళ టోపీని దిమ్మకెక్కించాను. ఆవిరికి కాలిన వేళ్ల కొసలు ఇంకా చురచురమంటున్నాయి.

బూడిదరంగు స్టెట్సన్, అమెరికన్ కంపెనీ టోపీ. పాత సామాన్ల సంతలో కొన్నప్పుడు నా తలకి పట్టలేదు. లోపలి తోలు పట్టీ ఏళ్ల తరబడి ఎండి ముడుచుకుంటుంటే, తనతోపాటు ఫెల్ట్‌నీ, అంటే బొచ్చుని అణిచి చేసిన టోపీ గుడ్డనీ, లాక్కుపోతుందట. పెద్దాయన చెప్పారు. టెక్సస్‌లోని గార్లండ్‌లో ఇంటి వెనక షెడ్డులో టోపీలు బాగుచేస్తారాయన. ఏ టోపీ తెచ్చినా ముందు దాని వయసే అడుగుతారు. 1941 చివరిదాకా అమెరికాలో బొచ్చు బాగా పెనవేసుకోవాలని పాదరసం పట్టించేవారు. ఆ విషానికి కనెక్టికట్‌లోని డాన్‌బరీ టోపీ ఫ్యాక్టరీల్లో పనివాళ్ల చేతులు ఎంతగా వణికాయంటే, ఆ వణుకుకి ఊరి పేరే పడిపోయింది. అది చెప్పేటప్పుడు ఆయన పని ఆపేస్తారు. నాది యాభైల నాటిది. అయినా తలుపులు బార్లా తెరిచే పనిచేశాం.

కిందటి వారమే రిబ్బను కుట్లు విప్పి, నాఫ్తా అనే పెట్రోలు లాంటి ద్రావకంలో ముంచి జిడ్డు వదిలించాను. ఇవాళంతా ఆవిరి పనే. కెటిల్ మూతి దగ్గర తిప్పుతూ ఉంటే ఫెల్ట్ నానిన పిండిలా మెత్తబడింది. దాన్ని 57 సెంటీమీటర్ల చెక్క దిమ్మ మీదికి రెండు చేతులా లాగి, అంచు మొదలయ్యే చోట తాడు బిగించాలి. మొదటిసారి తాడు జారింది. రెండోసారి వంకరపోయింది. మూడోసారీ ఆయన చెయ్యి వెయ్యలేదు. "తొందరపడకు, చల్లారడానికి ఇంకా టైముంది" అన్నారంతే.

అంచు బిగువుగా నిలవడానికి పట్టించేది షెల్లాక్, అంటే మన లక్కే. వేడికి లొంగుతుంది, చల్లారితే బిగుస్తుంది. చిన్నప్పుడు ఏటికొప్పాకలో, తరిమెన మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే రంగు కరిగి పరుచుకునేది. అన్నానికి పిలిచినా కదిలేదాన్ని కాదు. ఇన్నేళ్లకి అదే లక్క నా వేళ్ల కింద మెత్తబడుతుంటే ఒళ్లు జల్లుమంది.

టోపీ ముందువైపు నొక్కుల దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. ఎడమ పక్కన బొటనవేలంత మేర ఫెల్ట్ పల్చబడి, వెలుతురుకి పెడితే అవతల కనిపిస్తోంది. కుడిచేతి వాటం మనిషి. ఎదురైన ప్రతివాళ్లకీ అక్కడే పట్టుకుని టోపీ ఎత్తి ఉంటాడు. ఆవిరి తగలగానే నొక్కులు పోయాయి, ఆ పల్చన పోలేదు. మళ్లీ అక్కడే నొక్కితే చిరుగుతుందట. అందుకని కొత్త నొక్కు అరంగుళం కిందికి దింపుదామనుకున్నాం. అదీ వచ్చే శనివారమే. అప్పటిదాకా దిమ్మ మీదనుంచి తియ్యకూడదు.

సాయంత్రం అమ్మకి ఫోన్లో చెప్తే, "ఎవరి తలమీదిదో ఏమో, ఇంట్లోకి ఎందుకే?" అంది. తర్వాత తనే, "ఇంతకీ ఎవరిదటే?" అని అడిగింది.

తెలియదు. పాత తోలు పట్టీ పెళుసెక్కి పనికిరాకుండా పోయింది. దాని మీద బంగారు రంగులో అచ్చేసిన అక్షరాలు రెండు. మొదటిది ఆర్, రెండోది చెరిగిపోయింది. ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి తెచ్చుకున్నాను. అమ్మమ్మ ఇచ్చిన ఏటికొప్పాక కుంకుమభరిణెలో సరిగ్గా పట్టింది.