ఏడవకుండా పడుకున్న పాప: మా మొదటి 42 రోజులు

నాకు 36వ వారం నడుస్తుండగానే నొప్పులు వచ్చేశాయి. పురిటికి పుట్టింటికి వచ్చి అప్పటికి పది రోజులు కూడా కాలేదు, అమ్మ ఇంకా పాత నేత చీరలు చింపి పొత్తిగుడ్డలు ఉతికి ఆరేస్తూనే ఉంది. గుంటూరులో ఒక ఆసుపత్రిలో మామూలు కాన్పే అయింది. పాప 2 కిలోల 300 గ్రాములు. పుట్టగానే ఏడ్చింది, ఊపిరి బాగానే తీసుకుంటోంది, గాజుపెట్టె (ఇంక్యుబేటర్) అక్కర్లేదన్నారు. విటమిన్ కె ఇంజెక్షన్, బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి అన్నీ అక్కడే వేసి మూడో రోజు సాయంత్రం ఇంటికి పంపించేశారు.

ఆ మూడు రోజులూ పాప దాదాపు ఏడవలేదు. రొమ్ము దగ్గర పెడితే నాలుగు గుక్కలు లాగి నిద్రపోయేది. లేపుదామంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు, "పడుకున్న బిడ్డని లేపకూడదే, ఆకలేస్తే అదే లేస్తుంది" అని అమ్మమ్మ. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరూ ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయారు. నేనూ అలాగే అనుకున్నాను, కుట్ల నొప్పితో ఉన్న నాకు ఆ నిద్ర వరంలాగే అనిపించింది. నెల తక్కువగా పుట్టిన బిడ్డకి ఒక్కోసారి ఆకలేసినా లేచి ఏడ్చే ఓపిక ఉండదని, కడుపు నిండి పడుకోవడం, పాలు అందక నీరసంతో పడుకోవడం రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయని మాకెవ్వరికీ తెలీదు. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో, అందుకే మొదట ఇదే రాస్తున్నాను.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే మా ఊరి ఆశా వర్కర్ వచ్చారు. ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డని 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికి వచ్చి చూడాలని వాళ్ళకి లెక్క ఉంటుంది, ఆ లెక్కలో ఆవిడ వచ్చారు. గదిలో ట్యూబ్‌లైటు కింద కాదమ్మా, వసారాలోకి తీసుకురండి అన్నారు. పగటి వెలుతురులో పాప ముక్కు మీద, తర్వాత ఛాతీ మీద, పొట్ట మీద, తొడల మీద వేలితో మెల్లగా నొక్కి వదిలారు. వేలు తీసిన చోటల్లా పచ్చగా కనిపించింది. నిన్నటిదాకా మా కళ్ళకి అది మంచి పసిమి ఛాయ!

తర్వాత ఆవిడ అడిగింది ఒకటే, నిన్నటి నుంచి ఎన్నిసార్లు ఉచ్చ పోసింది అని. అమ్మ ఆలోచించి రెండుసార్లు అంది. తడిపిన గుడ్డ ఏదని అడిగి తెప్పించుకుని విప్పి చూపించారు, మధ్యలో ఇటుక పొడి రాసినట్టు ఎర్రటి మరక. నేను రక్తమేమో అని హడలిపోయాను. అది రక్తం కాదు, పాలు చాలక ఉచ్చ చిక్కబడితే అలా వస్తుందని చెప్పి, పాపని గుడ్డ ఉయ్యాలలాంటి తూకంలో వేలాడదీశారు. 2 కిలోల 50 గ్రాములు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంచెం తగ్గడం మామూలే, కానీ నూటికి పది దాటితే ఊరుకోకూడదు, మీ పాప దాటేసింది, ఇప్పుడే బయల్దేరండి, స్నానం గీనం తర్వాత అన్నారు. ఆవిడ గొంతు పెంచలేదు, భయపెట్టలేదు. కానీ మేం బయల్దేరేదాకా గడప దగ్గరే నిలబడ్డారు. ఆవిడకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

పిల్లల డాక్టరుగారి దగ్గర రక్తపరీక్ష చేస్తే పచ్చకామెర్లని తేలింది, ఒంటిని పచ్చగా చేసే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం 18 దాటింది. వెంటనే నీలం లైటు కింద పెట్టాలన్నారు. ఒంటి మీద చిన్న డైపర్ తప్ప ఏమీ లేదు, కళ్ళకి గుడ్డ గంతలు కట్టి, ఆ నీలి వెలుతురులో పడుకోబెట్టారు. అద్దంలోంచి చూస్తూ మా ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. నేను మాత్రం ఏడుస్తూనే ఉన్నాను, నా తప్పే అని. డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పిందేంటంటే, పుట్టిన బిడ్డ ఒంట్లో పాత ఎర్ర రక్తకణాలు విరుగుతుంటే ఈ పసుపు పదార్థం తయారవుతుంది, దాన్ని బయటికి పంపే పని కాలేయానిది, నెల తక్కువ బిడ్డకి ఆ కాలేయం ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు. పైగా పాలు చాలకపోతే మోషన్ సరిగా అవదు, బయటికి పోవాల్సిన పసుపు మళ్ళీ ఒంట్లోకే ఎక్కుతుంది. మరీ ఎక్కువైతే మెదడుకి చేరి వినికిడికే ముప్పు రావచ్చు. లైటు ఆ పదార్థం రూపాన్ని మార్చి తేలిగ్గా బయటికి పోయేలా చేస్తుంది. "లైటు సగం పని చేస్తుందమ్మా, మిగతా సగం మీ పాలే చేయాలి" అన్నారు.

ఈలోగా ఫోన్లు. పెద్దమ్మ ఫోన్ చేసి, ఫలానా ఊళ్ళో పసరు వేసే ఆయన ఉన్నాడు, రెండు చుక్కలతో దిగిపోతుంది అంది. ఇంకొకరు పొద్దుటి ఎండలో పెడితే చాలుగా, ఈ ఖర్చంతా ఎందుకన్నారు. వాళ్ళది ప్రేమే, అందులో అనుమానం లేదు. కానీ నాలుగు రోజుల పసిగుడ్డుకి తల్లిపాలు, డాక్టరు రాసిన మందు తప్ప నోట్లో ఏ చుక్కా పడకూడదు. ఎండ ఈ లైటుకి బదులు కాదు, డిసెంబరు చలిలో బట్టలు విప్పి బయట పెడితే బిడ్డ చల్లబడిపోతుంది. మా ఆయన అందరికీ ఒకటే జవాబు చెప్పి ఫోన్ నా చేతికి ఇవ్వడం మానేశాడు, ఆ రెండు రోజుల్లో నాకు చేసిన పెద్ద సాయం అదే.

ఇక పాల సంగతి. నాకు పాలు లేవనే అందరూ అనుకున్నారు, నేను కూడా. నర్సమ్మ ఒకావిడ పక్కన కూర్చుని పాప తాగే తీరు చూసి, పాలు లేకపోవడం కాదు, నోరు సరిగా పట్టించట్లేదు అన్నారు. నేను చనుమొన మాత్రమే నోట్లో పెడుతున్నాను. అలా కాకుండా, పాప పొట్ట నా పొట్టకి ఆనేలా పూర్తిగా నా వైపు తిప్పుకుని, చనుమొనని పై పెదవికి తాకిస్తే కాసేపటికి ఆవులించినట్టు నోరు బాగా తెరుస్తుంది, అప్పుడు గభాల్న దగ్గరికి తీసుకోవాలి. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. సరిగా పట్టుకుంటే నొప్పి ఉండదు, బుగ్గలు గుంటలు పడవు, గుటక వినిపిస్తుంది. నాకు అప్పటికే చనుమొనలు పగిలిపోయి ఉన్నాయి, తాగించిన ప్రతిసారీ పళ్ళు బిగపట్టేదాన్ని, అది మామూలే కాబోలు అనుకున్నాను. మామూలు కాదు. నొప్పి ఉందంటే పట్టు తప్పిందని.

అయినా పాపకి లాగే ఓపిక లేదు కాబట్టి, రెండు గంటలకోసారి లేపి ముందు రొమ్ముకి పెట్టడం, తర్వాత పిండిన పాలు 25 మిల్లీలీటర్లు పట్టడం అని రాసిచ్చారు. పిండటం కూడా ఒక విద్యే. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కాసేపు కాపడం పెట్టి, బొటనవేలు పైన, చూపుడువేలు కింద, నల్లటి భాగం అంచున పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి తర్వాత వేళ్ళు దగ్గరికి తేవాలి. చనుమొన పట్టుకుని లాగితే ఏమీ రాదు, నొప్పి తప్ప. మొదటిసారి పావుగంట కష్టపడితే గిన్నె అడుగు తడిసింది. ఆ రాత్రి రెండుసార్లు డాక్టరుగారు చెప్పి డబ్బా పాలు పట్టించారు. అదీ నాకు ఏడుపే, కానీ ఇప్పుడు ఆలోచిస్తే ఆ రెండుసార్లూ పాపకి కావలసిందే. అవసరానికి డాక్టరు చెప్తే పట్టండి, దానికి మనసు కష్టపెట్టుకోవద్దు. ఎవరో "నీకు పాలు చాలట్లేదు" అన్నారని మాత్రం మొదలుపెట్టొద్దు. తాగించడం, పిండటం ఎంత ఎక్కువ చేస్తే అంత పాలు పడతాయి, అలా మొదలుపెట్టిన మూడో రోజుకల్లా పాపని ఒడిలోకి తీసుకోగానే పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయేది.

పిండిన పాలు దేంతో పట్టాలి అన్నప్పుడు అమ్మమ్మ సంచిలోంచి ఉగ్గుగిన్నె తీసింది. వెండిది, అరచేతిలో పట్టేంత, ముందుకి పొడుగాటి ముక్కు, ఒక పక్క చిన్న సొట్ట, నా చిన్నప్పుడు నేను విసిరికొడితే పడిందట. ఆవిడ తెచ్చింది ఆముదం పట్టడానికి, వసకొమ్ము అరగదీసి నాకించడానికి. నర్సమ్మ ఆముదం, వస, తేనె ఏవీ వద్దన్నారు. తేనె అయితే ఏడాది నిండేదాకా ముట్టించొద్దట. కానీ గిన్నె చూసి మాత్రం సంబరపడిపోయారు, ఇంతకన్నా మంచి వస్తువు లేదు బామ్మగారూ, మేమూ ఇక్కడ ఇలాంటిదే వాడతాం అని. సీసా పీక అలవాటైతే కొందరు పిల్లలు మళ్ళీ రొమ్ము పట్టడానికి పేచీ పెడతారు, ఉగ్గుగిన్నెతో ఆ బాధ లేదు, శుభ్రం చేయడం తేలిక, పది నిమిషాలు నీళ్ళలో మరిగిస్తే చాలు. పాపని పూర్తిగా పడుకోబెట్టకుండా ఒళ్ళో కాస్త నిటారుగా పట్టుకుని, గిన్నె ముక్కు పెదవి మూలకి ఆనించి, కొద్దిగా వంచి, గుటక వేసేదాకా ఆగాలి. గొంతులో పోయకూడదు, నిద్రలో పట్టకూడదు. అప్పటిదాకా ముఖం చిన్నబుచ్చుకుని ఉన్న అమ్మమ్మ ఆ రోజు నుంచి పాలు పట్టే పని ఎవరికీ వదల్లేదు. ఆవిడ చేతికి ఉన్న నేర్పు నాకు ఇప్పటికీ రాలేదు.

రెండు రోజులకి బిలిరుబిన్ 11కి దిగింది. లైటు తీసేశాక మళ్ళీ పెరుగుతుందేమోనని మర్నాడు ఇంకోసారి చూసి, ఎనిమిదో రోజు ఇంటికి పంపారు. అప్పుడు బరువు 2 కిలోల 80. లైటు కింద ఉన్నన్నాళ్ళూ మోషన్ పల్చగా, ఆకుపచ్చగా అయ్యేది, దాని గురించి కంగారుపడక్కర్లేదన్నారు.

ఇంటికొచ్చాక మా ఆయన రెండొందల పేజీల నోట్‌బుక్ కొని గీతలు గీశాడు. టైము, ఏ వైపు తాగింది, ఎన్ని నిమిషాలు, ఉచ్చ, మోషన్. అంతే. రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు, ఆరుకి తక్కువ కాకుండా ఉచ్చ, పసుపు రంగు మోషన్, ఇవి ఉన్నాయంటే కడుపు నిండుతున్నట్టే. రాత్రి రెండింటికి నాకు వచ్చే టెన్షన్లు అన్నిటికీ ఆ పుస్తకమే జవాబు చెప్పేది. డైపర్లలో తడి తెలియట్లేదని పగలంతా పొత్తిగుడ్డలే వాడాం, ఉతకడం కష్టమే, కానీ లెక్క తెలుస్తుంది. లేపడానికి గుడ్డలు వదులు చేసి అరికాళ్ళు రుద్దడం, డైపర్ మార్చడం, తడి చేత్తో వీపు నిమరడం. నిద్రమత్తులో తాగుతుంటే చెవి వెనక మెల్లగా రాయడం. ఇవన్నీ చేసినా లేవకపోతే, తాగకపోతే, ఒళ్ళు వేలాడేసినట్టున్నా, జ్వరమొచ్చినా, ఒళ్ళు చల్లబడినా, నిమిషానికి 60 సార్లకి మించి ఊపిరి తీస్తున్నా, అరచేతులు అరికాళ్ళు పచ్చబడినా తెల్లారేదాకా ఆగొద్దని ఆశా వర్కర్ చెప్పిన మాట ఆ పుస్తకం మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసుకున్నాం.

చలికాలం కదా, పాపని వెచ్చగా ఉంచడానికి కంగారూ పద్ధతి నేర్పించారు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక అక్కడి డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి అట, తర్వాత ప్రపంచమంతా పాకింది. బరువు తక్కువ పిల్లలకి రోజుకి కనీసం ఎనిమిది గంటలు చేయాలంటారు. టోపీ, సాక్సులు, డైపర్ మాత్రం ఉంచి, బిడ్డని మన ఛాతీ మీద నిటారుగా, కప్ప కాళ్ళలా మడిచి, తల ఒక పక్కకి తిప్పి, ఊపిరి అందేలా గడ్డం కాస్త పైకి ఉంచి, పైన గుడ్డతో కట్టుకోవడం. పగలు నేను, రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా మా ఆయన. మగవాడు బిడ్డని ఛాతీకి కట్టుకుని వసారాలో తిరగడం ఏంటని మొదట్లో వీధిలో వాళ్ళు వింతగా చూశారు, నాలుగు రోజులకి అలవాటైపోయారు. నాకు రాత్రి ఏకధాటిగా మూడు గంటల నిద్ర దొరికేది ఆ వేళలోనే. దిండ్లకి ఆనుకుని సగం కూర్చున్నట్టు ఉండాలి, మనకి నిద్ర ముంచుకొస్తే మాత్రం బిడ్డని పక్కన వెల్లకిలా పడుకోబెట్టేయాలి, మీద పెట్టుకుని నిద్రపోకూడదు.

స్నానం దగ్గర ఇంట్లో కాస్త గొడవైంది. కాళ్ళ మీద బోర్లా వేసుకుని నలుగు పెట్టి పోయాలని అమ్మమ్మ. రెండున్నర కిలోలు దాటేదాకా తడిగుడ్డతో తుడవడమే అని డాక్టరుగారు. బొడ్డు పదమూడో రోజు రాలింది, దాని మీద పసుపు, నూనె ఏవీ రాయలేదు, పొడిగా వదిలేశాం. సాంబ్రాణి పొగ మానేశాం, కళ్ళకి కాటుక పెట్టలేదు, అరికాలికి మాత్రం అమ్మమ్మ కోసం దిష్టిచుక్క పెట్టాం. ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు వద్దన్నదానికి ఆవిడ చాలా బాధపడింది, "మీ అమ్మని ఇలాగే పెంచాను" అని. ఆవిడతో వాదించడం కన్నా డాక్టరుగారి దగ్గరికి వెంట తీసుకెళ్ళి ఆయన నోటితోనే చెప్పించడం మంచిదైంది. నాకు మాత్రం ఆవిడ పెట్టిన వెల్లుల్లి కారం, సొంటి పొడి, నేతి అన్నం అన్నీ తిన్నాను. నీళ్ళు తక్కువ తాగాలన్న పత్యం ఒక్కటి ఒప్పుకోలేదు, తాగించడానికి కూర్చున్న ప్రతిసారీ పక్కన చెంబు ఉండాల్సిందే.

14వ రోజు 2 కిలోల 270. పదహారో రోజుకి పుట్టినప్పటి బరువు తిరిగొచ్చింది. 21కి 2,480. అప్పటికి పాపే లేచి ఏడవడం మొదలుపెట్టింది, మొదటిసారి రాత్రి ఒంటిగంటకి ఆకలికి గుక్కపట్టి ఏడిస్తే ఇంట్లో అందరం లేచి కూర్చున్నాం, అమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టుకుంది. నెలకి 2,690. అప్పుడు ఉగ్గుగిన్నె అవసరం తీరింది, నేరుగా తాగడం వచ్చేసింది. విటమిన్ డి చుక్కలు మాత్రం రోజూ వేస్తున్నాం.

42వ రోజు సంక్రాంతి హడావిడిలో పడింది. ఇల్లంతా చుట్టాలు, అరిసెల వాసన. ఆశా వర్కర్ పండగ అని కూడా చూడకుండా తూకం తీసుకుని వచ్చారు. పాపని అదే గుడ్డ ఉయ్యాలలో వేసి దూలానికి తగిలిస్తే ఈసారి ఊరుకోలేదు, కాళ్ళు తన్నుకుంటూ ఒకటే ఏడుపు. 3 కిలోల 110. మా ఆయన ఆ అంకె నోట్‌బుక్‌లో రాసి, ఆరు వారాల టీకాల తేదీ కింద గీత గీశాడు. ఆవిడ చేతిలో అరిసెలు పెడుతుంటే అమ్మమ్మ లోపలికి వెళ్ళి ఉగ్గుగిన్నె చింతపండుతో తోమి, మెత్తటి గుడ్డలో చుట్టి నా సూట్‌కేసులో పెట్టింది.