దూసరతీగ, క్లోరోఫారం, మన కెమిస్ట్రీ ల్యాబు

మన కాలేజీ పాత విద్యార్థుల సంచిక కమిటీవాళ్ళు ఫోన్ చేసి, "మేడమ్, మీరేం కనిపెట్టారో అందరికీ అర్థమయ్యేట్టు రాయండి" అన్నారు. ఈ మాట నాకు కొత్త కాదు. కడపలో ఏ పెళ్ళికి పోయినా ఎవరో ఒకరు "మొక్కల్లోంచి మందులు తీస్తావంట కదా, ఏ జబ్బుకు తీసినావమ్మా?" అని అడుగుతారు. ఏ జబ్బుకూ తీయలేదు. మొక్కల కెమిస్ట్రీలో పనిచేసిన వాళ్ళలో దాదాపు ఎవరూ తీయరు. అయినా రిటైరయ్యేదాకా చేతినిండా పనే. అదేం పనో చెప్తాను.

నాది 1976 బి.ఎస్సీ ఎం.పి.సి. బ్యాచ్. మన ల్యాబు అనగానే మీకు గుర్తొచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తయారుచేసే కిప్స్ అపరేటసే అయి ఉంటుంది. ఆ కుళ్ళిన కోడిగుడ్ల వాసన ఓణీలకు పట్టుకుని, సాయంత్రం బస్సులో పక్కసీటు ఖాళీగానే ఉండేది. సాల్ట్ అనాలిసిస్ చెప్పిన మన సారు ల్యాబులో ఒక మూల సొంత పరిశోధన చేసుకునేవారు. క్లాసులు అయిపోయాక ఇంటికి పోకుండా వేళ్ళు, బెరళ్ళు నూరుతూ కూర్చునేవారు. ఒకరోజు మమ్మల్ని పిలిచి ఉమ్మెత్తాకు దంచిన రసాన్ని కాస్త పలచని ఆమ్లంలో కలిపి వడకట్టారు. అందులో ఒక సీసాలోంచి చుక్క వేయగానే నారింజ రంగు మడ్డి దిగింది. ఆ సీసాలోది డ్రాగెన్‌డార్ఫ్ రీయేజెంట్, అంటే బిస్మత్, అయోడైడ్ కలిపిన ద్రావణం. మొక్కల్లో ఉండే ఆల్కలాయిడ్ అనే రకం పదార్థం ఉంటే ఆ రంగు వస్తుంది. తర్వాత వేపాకు రసంలో వేశారు, రంగు రాలేదు. "అంత చేదుంది కదా సార్!" అన్నాను. చేదుగా ఉన్నదల్లా ఆల్కలాయిడ్ కాదనీ, వేపలోని నింబిన్‌లో అసలు నైట్రోజనే లేదనీ చెప్పారు. నైట్రోజన్ ఉండాలి, క్షారగుణం ఉండాలి, అప్పుడే మా లెక్కలోకి వస్తుంది.

కాలేజీ గేటు పక్క మడిలో బిళ్ళగన్నేరు పూసేది, గుర్తుందా? ఊళ్ళో షుగరు ఉన్నవాళ్ళు ఆ ఆకు కషాయం తాగేవాళ్ళు. దాని కథ కూడా సారే చెప్పారు. జమైకాలోనూ జనం దాన్ని షుగరుకే వాడేవాళ్ళు. అక్కడి ఆకు కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే ఆయన చేతికి వచ్చింది. ఎలుకలకు తాగిస్తే షుగరు తగ్గలేదు. ఇంజెక్షన్ ఇస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్ సోకి చచ్చిపోయాయి. ఇంకొకరైతే పనికిరాదని పారేసేవాళ్ళు. తెల్లకణాలు తగ్గించేది రక్త క్యాన్సర్‌కు పనికిరావచ్చు కదా అని వాళ్ళు పట్టుకున్నారు. నోబుల్‌తో కలిసి పనిచేసిన కెమిస్ట్ చార్లెస్ బీర్ ఆ పదార్థాన్ని విడదీశారు. 1958లో విన్‌బ్లాస్టిన్ అనే ఆ పదార్థం సంగతి బయటికొచ్చింది. దాని జంట లాంటి విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు ఇవాళ్టికీ అది వాడుతున్నారు. ఆకులో అది ఉండేది మాత్రం అత్యల్పం, టన్ను ఆకు నూరితే దక్కేది గ్రాముల్లోనే. అందుకే ఇప్పటికీ ఎవరైనా ఇంట్లో ఆ కషాయం కాచుకుంటున్నామంటే నాకు టెన్షన్. కణాలను చంపే పదార్థాలున్న ఆకు అది, టీ కాదు.

తిరుపతిలో ఎం.ఎస్సీ అయ్యాక పీహెచ్‌డీకి నేను ఎంచుకున్నది దూసరతీగ. చేల గట్ల మీద, కంచెల మీద పాకే మామూలు తీగ. చిన్నప్పుడు దాని ఆకులు నీళ్ళలో బాగా పిసికి, వడకట్టి పక్కన పెట్టేవాళ్ళం. కాసేపటికి ఆ నీళ్ళు పచ్చగా గడ్డకట్టేవి. చక్కెర వేసుకుని తినేవాళ్ళం, ఒంటికి చలవ అనేవాళ్ళు పెద్దలు. తినేటప్పుడు ఎంత బాగుండేదో, ల్యాబులో అంత పీడించింది. ఆ జిగురు ఫిల్టరు పేపరు దాటదు. చివరికి ఆకు వదిలేసి వేరు పట్టుకున్నాను. వేళ్ళ కోసం గువ్వలచెరువు ఘాటు పక్క గుట్టలకు పోయేవాళ్ళం. బి.జడ్.సి. చదివిన నా స్నేహితురాలు వెంట వచ్చేది. పూతో కాయో లేని కొమ్మను ఆమె తెంపనిచ్చేది కాదు. ఏ మొక్కో రుజువు లేకుండా నువ్వు ఏ ఆల్కలాయిడ్ తీసినా చెల్లదు అనేది. ఆ మాట నిజమని తర్వాత చాలామంది థీసిస్‌లు చూశాక తెలిసింది. తిరుగుదారిలో పాలకోవా కట్టించుకోకుండా మాత్రం వచ్చేవాళ్ళం కాదు.

వేరు నీడన ఎండబెట్టి, పొడి కొట్టి, అమ్మోనియాతో తడిపి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో క్లోరోఫారంతో మరిగించాలి. అడుగున క్లోరోఫారం మరిగి, పైన కండెన్సరులో చల్లబడి, పొడి మీద చుక్కచుక్కగా పడుతుంది. గొట్టం నిండగానే గబుక్కున మొత్తం కిందికి దిగిపోతుంది. మళ్ళీ మొదలు. ఆ కండెన్సరుకు చల్లనీళ్ళు పారుతూనే ఉండాలి. రాయలసీమలో మే నెలలో, కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని చోట! వచ్చినా వేన్నీళ్ళే. క్లోరోఫారం అరవై ఒక్క డిగ్రీలకే మరుగుతుంది, కండెన్సరు వేడెక్కితే అది కాస్తా గాల్లోకి పోతుంది. బకెట్‌లో కూలర్ మోటారు పెట్టి అవే నీళ్ళు తిప్పేవాళ్ళం. రంపపు పొట్టు అంటుకున్న ఐసుగడ్డను గోనెసంచిలో తెచ్చి అందులో వేసే బాధ్యత అటెండరు మామది. "ఏం పాపా, ఇంత ఐసుకు నిమ్మకాయ సోడాలు తాగుంటే ఊరందరికీ వచ్చేవి" అనేవాడు.

తర్వాత అసలు మెలిక. ఆల్కలాయిడ్ ఆమ్లంలో నీళ్ళలోకి దిగుతుంది, క్షారంలో మళ్ళీ క్లోరోఫారంలోకి ఎక్కుతుంది. అటూ ఇటూ తిప్పితే కొవ్వు, రంగు, చెత్త వెనకబడతాయి. పుస్తకంలో రెండు వాక్యాలు. సెపరేటింగ్ ఫన్నెల్‌లో కొంచెం గట్టిగా ఊపితే చాలు, మధ్యలో చిలికిన మజ్జిగలా నురగ కట్టి, ఏ పొర ఎక్కడో తెలియదు. చిటికెడు ఉప్పు వేసి, స్టాండుకు తగిలించి, రాత్రికి ఇంటికి పోవడమే.

చివరికి చేతికొచ్చే తెల్లటి పొడి గోరు మీద పట్టేంత. అణువు నిర్మాణం తెలిపే ఎన్.ఎం.ఆర్. పరీక్ష కోసం దాన్ని చిన్న సీసాలో, దూదిలో చుట్టి, పెద్ద ఊళ్ళకు పోస్టులో పంపాలి. వారాలకు చార్టు వచ్చేది. నాకు వచ్చింది ట్రైలోబిన్. నేను మొదలుపెట్టేనాటికే పుస్తకాల్లో ఉన్న ఆల్కలాయిడ్! ఏడుపొక్కటే తక్కువ. సారుకు ఉత్తరం రాస్తే కార్డు వచ్చింది: "కొత్తది కాకపోతే ఏం? ఎంత శాతముందో, ఏ కాలంలో ఎక్కువుంటుందో కొలువు. గోవిందాచారి గారి పేపరు చదువు."

చదివాను. క్యాంప్టోథెసిన్ అనే ఆల్కలాయిడ్‌ను 1966లో అమెరికాలో వాల్, వాని అనే ఇద్దరు కెమిస్టులు ఒక చైనా చెట్టులోంచి తీశారు. 1972లో మన కెమిస్టులు గోవిందాచారి, విశ్వనాథన్ అదే పదార్థాన్ని మన పడమటి కనుమల్లోని మాపియా ఫోయెటిడా అనే చెట్టులో, ఇంకా ఎక్కువ పాళ్ళలో చూపించారు. పదార్థం పాతదే, దొరికిన చోటు కొత్తది. దాని నుంచి మలిచిన టోపోటెకాన్, ఇరినోటెకాన్‌లకు 1996లో క్యాన్సర్ మందులుగా అమెరికాలో అనుమతి వచ్చింది. మధ్యలో ముప్పై ఏళ్ళు, ఎన్నో చేతులు. ఆ తర్వాత నా పని చాలావరకు ఈ తూకాలే. ఏ తీగలో ఏది, వేరులో ఎంత, ఆకులో ఎంత, వాన ముందు ఎంత, వాన తర్వాత ఎంత.

మా తీగల కుటుంబం మాత్రం చిన్నది కాదు. దక్షిణ అమెరికాలో బాణాలకు పూసే కురారే విషంలోని ట్యూబోకురారిన్ అనే ఆల్కలాయిడ్ మన తిప్పతీగ, దూసరతీగల దాయాది మొక్కలోదే. ట్రైలోబిన్‌లాగే అదీ రెండు ముక్కలు అతికిన అణువు. 1942లో మాంట్రియల్‌లో ఆపరేషన్ సమయంలో కండరాలు వదులు చేయడానికి కురారే వాడారు. మత్తు వైద్యమే మారిపోయింది.

ఎర్రచందనం మీద ఎందుకు చేయలేదని కడప వాళ్ళు అడుగుతారు. అందులోని ఎరుపు శాంటలిన్ అనే రంగు పదార్థానిది. నైట్రోజన్ లేదు, ఆల్కలాయిడ్ కాదు. దాని మీద కెమిస్ట్ టి.ఆర్. శేషాద్రి గారి బృందం పనిచేసింది. పైగా పాలకొండల్లో దుంగ పక్కన నిలబడి "పరిశోధన" అంటే ఈ రోజుల్లో నమ్మేదెవరు?

కమిటీకి ఒక మాట. నా దగ్గర సాక్స్‌లెట్ సెట్లు, గాజు కాలమ్‌లు, మా స్నేహితురాలు అతికించి తేదీలు రాసిన మొక్కల షీట్లు ఉన్నాయి. గాజు సామాను కెమిస్ట్రీకి, షీట్లు బాటనీకి ఇస్తాను. మనిషిని పంపితే చాలు, ఆటో ఖర్చు నాది. షీట్లు పెట్టే బీరువాలోకి నాఫ్తలీన్ ఉండలు మాత్రం మీరే కొనండి. పోయినసారి నేను చూసినప్పుడు ఆ బీరువాలో చెదలున్నాయి.