గాయపడినవాళ్లు వెనక్కి వచ్చిన దారి: ఈపర్ నుంచి లైసెంతూక్ దాకా

బెల్జియంలోని ఈపర్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది స్మారక ద్వారం చూసి, ఒకటి రెండు శ్మశానాలు తిరిగి వెళ్లిపోతారు. నేను మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడ దెబ్బతిన్న సైనికుణ్ణి ఏ వరసలో వెనక్కి చేర్చేవారో అదే వరసలో వెళ్లాను. ముందు కందకం, తర్వాత కాలువ గట్టు, ఆపైన రోడ్డు, చివరికి రైలు పట్టాలు. మొత్తం సుమారు 20 కిలోమీటర్లు. నేలంతా చదును కాబట్టి అద్దె సైకిల్ సరిపోతుంది. ఏ వైద్య శిబిరాన్ని ఎక్కడ, ఎందుకు పెట్టారో ఈ వరసలో వెళ్తేనే అర్థమవుతుంది. ప్రతిచోటా మందులకంటే ముందు దూరం లెక్క కనిపిస్తుంది.

ఊరికి ఉత్తరాన బూజింగ పారిశ్రామికవాడలో, షెడ్ల మధ్య, యార్క్‌షైర్ ట్రెంచ్ అనే కందకాన్ని తవ్వి తీసి బాగుచేసి ఉంచారు. లోపలికి దిగితే కొద్ది అడుగులకే ఒక మలుపు. ఒకచోట గుండు పేలితే ముక్కలు కందకం పొడవునా దూసుకుపోకుండా అలా తవ్వేవారు. ప్రాణం కాచే ఆ మలుపే స్ట్రెచర్‌కి అడ్డం. బ్రిటిష్ స్ట్రెచర్ కర్రలు దాదాపు ఎనిమిది అడుగుల పొడవు. మలుపులో తిరగవు. తలల మీదికెత్తి తిప్పాలి, లేదా చీకటిపడేదాకా ఆగి పైనుంచి మోసుకుపోవాలి. అందుకే పగలు దెబ్బ తగిలినవాడు రాత్రి కోసం గంటలకొద్దీ ఎదురుచూసేవాడు. మామూలు నేల మీద ఒక స్ట్రెచర్‌కి నలుగురు చాలు. 1917 శరత్కాలపు బురదలో ఆరుగురు, ఎనిమిది మంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ మంది పట్టేవారు.

ఈ ప్రాంతంలో మోసినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. 1915 ఏప్రిల్ 26న బ్రిటిష్ భారత సైన్యపు లాహోర్ డివిజన్ ఈపర్ దగ్గర క్లోరిన్ వాయువులోకి నడిచినప్పుడు, మీర్ దస్త్ అనే జమాదార్ (భారతీయ సైనికులకిచ్చే చిన్న అధికారి హోదా) ఎనిమిది మంది బ్రిటిష్, భారతీయ అధికారులను కాల్పుల మధ్యనుంచి వెనక్కి చేర్చడంలో చెయ్యి వేశాడు. ఆయనకు బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. తర్వాత ఆయనే గాయాలతో బ్రైటన్‌లోని భారతీయ సైనికుల ఆసుపత్రిలో చేరాడు.

కాలువ దాటి పడమటి గట్టుకి వస్తే ఎసెక్స్ ఫార్మ్. గట్టులోకి కట్టిన కాంక్రీటు గదులు ఇప్పటికీ ఉన్నాయి. ఇది ముందువరస డ్రెసింగ్ స్టేషన్. ఇక్కడ పెద్ద ఆపరేషన్లు చేసేవారు కాదు. రక్తం ఆపడం, విరిగిన ఎముకను కదలకుండా కట్టడం, ధనుర్వాతం సీరం, నొప్పికి మార్ఫియా, దుప్పటి, వేడి టీ, అంతే. సీరం ఇచ్చినట్టు గుర్తుగా చర్మం మీద చెరగని పెన్సిల్‌తో ‘టి’ అక్షరం రాసేవారు. చొక్కా గుండీకి ఒక కార్డు కట్టేవారు. ఆ కార్డులో అన్నిటికంటే ముఖ్యం టోర్నికే (రక్తం ఆగేలా కాలికో చేతికో బిగించే పట్టీ) బిగించిన వేళ. అది రాయకపోతే వెనక స్టేషన్‌లో ఎవరూ సమయానికి విప్పరు. కాలు చచ్చుబడి, చివరికి తీసేయాల్సి వస్తుంది.

తొడ ఎముక విరిగినవాళ్ల గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవాలి. విరిగిన కొనలు స్ట్రెచర్ కుదుపు కుదుపుకీ కండను చీలుస్తాయి. లీటరుకు పైగా రక్తం బయటికి కనిపించకుండా తొడలోనే చేరుతుంది. యుద్ధం మొదట్లో ఈ దెబ్బతో నూటికి 80 మంది దాకా పోయేవారు. దీనికి విరుగుడుగా వచ్చింది, కాలిని లాగి కదలకుండా పట్టి ఉంచే థామస్ స్ప్లింట్. ఒక తోలు చుట్టిన రింగు, రెండు ఇనుప కడ్డీలు, అంతే దాని నిర్మాణం. బూటు విప్పకూడదు, ప్యాంటు కత్తిరించకూడదు. ఒకడు మడమనీ పాదాన్నీ పట్టుకుని నిదానంగా లాగి, లాగినట్టే పట్టుకుంటాడు. రెండోవాడు రింగును పాదం మీదుగా గజ్జ దాకా తోస్తాడు. బూటు చుట్టూ గుడ్డతో ముడి వేసి, దాన్ని కడ్డీల చివర కట్టి, మధ్యలో చిన్న కర్ర దూర్చి మెలిపెడుతూ బిగిస్తారు. తర్వాత కాలి కింద గుడ్డ ఊయలలు. ముడి బిగిసేలోపు మొదటివాడి పట్టు జారితే చేసినదంతా వృథా, రోగి రక్తపోటు పడిపోయి షాక్‌లోకి వెళ్లిపోతాడు. అందుకే చీకట్లో కూడా చేయగలిగేలా అంకెలు చెప్పుకుంటూ సాధన చేయించేవారు. 1917లో ఫ్రాన్స్‌లోని అరాస్ దగ్గర సర్జన్ హెన్రీ గ్రే లెక్క చూపిన వెయ్యికి పైగా కేసుల్లో మరణాలు 15.6 శాతానికి దిగాయి. ఈ యుద్ధంలో ఇంతమందిని బతికించిన సాదా వస్తువు ఇంకొకటి లేదని నా నమ్మకం.

ఎసెక్స్ ఫార్మ్ నుంచి రాత్రిపూట మోటారు అంబులెన్సులు పోపరింగ రోడ్డు పట్టేవి. ఆ రోడ్డు మీద ఈపర్‌కీ పోపరింగకీ నడుమ బ్రాండ్‌హూక్. 1914లో పొట్టలో గుండు దిగితే ఆపరేషన్ చేయకుండా వదిలేసేవారు. 1915 నుంచి చేయడం మొదలుపెట్టాక, కొద్ది గంటల్లో బల్ల మీదికి చేరితేనే ఆశ అని తేలింది. అందుకే 1917 జులైలో పొట్ట, ఛాతీ, తొడ గాయాల కోసం మూడు క్యాజువాల్టీ క్లియరింగ్ స్టేషన్లను (ఆపరేషన్లు చేసి, రోగులను వెనక్కి పంపే గుడారాల ఆసుపత్రులను) ఇక్కడిదాకా ముందుకు తెచ్చారు. పక్కనే రైలు కట్ట ఉంది కాబట్టి రోగులను పంపడం సులువు. కానీ అదే రైలు మీద మందుగుండూ వచ్చేది, దాని కోసం జర్మన్ ఫిరంగులు గురిపెట్టేవి. ఆగస్టు 21న నెల్లీ స్పిండ్లర్ అనే నర్సు గుండు ముక్క తగిలి ఇక్కడే చనిపోయింది. తర్వాత స్టేషన్లను వెనక్కి తీసేశారు. దగ్గరుంటే గాయపడినవాడికి మేలు, సిబ్బందికి ముప్పు. ఆ నాలుగేళ్లలో ఈ చిక్కు పూర్తిగా వీడలేదు. రెండు విక్టోరియా క్రాస్‌లు పొందిన డాక్టర్ నోయెల్ చవాస్ పొట్ట గాయంతో ఆగస్టు 4న ఈ బ్రాండ్‌హూక్‌లోనే పోయాడు. సమాధి రాయి మీద రెండు క్రాస్‌లూ చెక్కి ఉన్నాయి.

పోపరింగ దాటి, హాప్ (బీరు తయారీలో వాడే తీగ) తోటల మధ్యనుంచి దక్షిణంగా మూడు కిలోమీటర్లు పోతే లైసెంతూక్. రైలు మార్గం పక్కన, ఫిరంగులు సాధారణంగా అందుకోలేని దూరంలో, పొలాల్లో లేచిన గుడారాల ఆసుపత్రి ఇది. అసలైన శస్త్రచికిత్స ఇక్కడ జరిగేది. వచ్చినవాళ్లను ముందు మూడుగా విడదీసేవారు: ప్రయాణం తట్టుకోగలవారు, వెంటనే కోయాల్సినవారు, ఇక ఆశ లేనివారు. ఫ్లాండర్స్ మట్టిలో తరతరాల పశువుల ఎరువు. గుండు ముక్క ఆ మట్టినీ, ఉన్ని దుస్తుల పీలికనూ కండ లోతుకి తోస్తుంది. గాలి ఆడని చచ్చిన కండలో గ్యాస్ గాంగ్రిన్ అనే, కండను కుళ్లబెట్టే ప్రాణాంతక ఇన్ఫెక్షన్ పుడుతుంది. అంతకుముందు దక్షిణాఫ్రికా యుద్ధంలో, పొడి నేల మీద నేర్చుకున్న సర్జన్లు మొదట్లో గాయాన్ని వెంటనే కుట్టేసి లోపల ఆ చీడను మూసేవారు. తర్వాత పద్ధతి మారింది. కత్తి తగిలితే కండ అదిరి, రక్తం కారేచోటిదాకా చచ్చినదంతా కోసేసి, గాయాన్ని తెరిచే ఉంచి, శుభ్రపడ్డాక కుట్టడం. చాలాచోట్ల రబ్బరు గొట్టాలు పెట్టి రెండు గంటలకోసారి క్రిములను చంపే డేకిన్ ద్రావణం వదిలేవారు. అందులో సోడియం హైపోక్లోరైట్ 0.45 నుంచి 0.5 శాతం మధ్యే ఉండాలి. తగ్గితే పనిచేయదు, పెరిగితే చర్మం కాలుతుంది. నిలవ ఉంచితే సత్తువ పోతుంది. చుట్టూ చర్మానికి వాసెలిన్ గుడ్డ తప్పనిసరి. ముందు కోత సరిగా పడకపోతే ద్రావణం ఎంత పోసినా ఫలితం లేదు.

ఇక్కడి శ్మశానంలో 10,700కు పైగా సమాధులు, దాదాపు అన్నిటి మీదా పేర్లున్నాయి. యుద్ధరంగం మీదే ఉన్న టైన్ కాట్ శ్మశానంలో సుమారు 12,000 సమాధుల్లో 8,300కు పైగా పేరు తెలియనివి. ఇక్కడ పోయినవాళ్లు ఆసుపత్రి రిజిస్టరుకెక్కాక పోయారు. తేడా అదే. బతికినవాళ్లను అంబులెన్స్ రైళ్లు ఫ్రాన్స్ తీరానికి, ఎటాప్ల్ వంటి పెద్ద ఆసుపత్రులకు చేర్చేవి. ఆ భాగం చూడాలంటే సరిహద్దు దాటి వేరే రోజు వెళ్లాలి.