పాత జూనియర్ చదరంగ పోటీల పట్టికలు వెతుకుతూ

తిరుపతిలో పిల్లలకు చదరంగం నేర్పే ఒక మాస్టారు, మన జిల్లాలో జరిగిన పాత జూనియర్ పోటీల వివరాలను ఒకచోట చేర్చిపెట్టమని అడిగినప్పటి నుంచి నా తీరిక వేళలు పాత పత్రికల కట్టల మధ్యే గడుస్తున్నాయి. ఆయనకు కావలసింది ఏ సంవత్సరం ఎవరు గెలిచారన్న జాబితా మాత్రమే. పని సాగేకొద్దీ నాకు ఆ జాబితా మీద నమ్మకం తగ్గి, క్రాస్‌టేబుల్ మీద గురి పెరిగింది. ఎవరు ఎవరితో ఆడి ఎంత సాధించారో గడిగడికీ చూపే ఆ పట్టిక లేకపోతే, విజేత పేరు సాక్షులు లేని వాంగ్మూలంలా మిగిలిపోతుంది.

ప్రపంచ జూనియర్ పోటీల చరిత్రనే తీసుకుందాం. 1951లో ఇంగ్లండులో మొదలైన ఈ పోటీలో తొలి విజేత యుగోస్లావియాకు చెందిన బోరిస్లావ్ ఇవ్‌కోవ్. 1973 వరకు రెండేళ్లకొకసారి జరిగి, ఆ తరువాత ఏటేటా జరగసాగింది. విజేతల జాబితా చదివితే 1955లో స్పాస్కీ, 1969లో కార్పోవ్, 1980లో కాస్పరోవ్, 1987లో ఆనంద్ కనిపిస్తారు. ఆ నలుగురూ తరువాత ప్రపంచ విజేతలయ్యారు కాబట్టి ప్రతి వ్యాసమూ వారి దగ్గరే ఆగుతుంది. అయితే 1953లో కోపెన్‌హాగెన్‌లో ఆస్కార్ పానో, క్లాస్ డార్గా సమానమైన పాయింట్లతో ముగించారనీ, టైబ్రేక్ (పాయింట్లు సమానమైనప్పుడు విజేతను తేల్చే పద్ధతి) వల్లనే పానోకు కిరీటం దక్కిందనీ ఆ జాబితా చెప్పదు. 1988లో అడిలైడ్‌లో జోయెల్ లాటియేతో సమానంగా నిలిచినవారిలో ఇవాన్‌చుక్, గెల్ఫాండ్ ఉన్నారన్న సంగతీ అందులో ఉండదు. 1957లో టొరంటోలో విలియం లొంబార్డీ ఆడిన 11 గేములూ గెలిచాడు. అది కూడా జాబితాలో మిగతావాటిలాగే ఒక వరుస, ఒక పేరు. ఇదే లొంబార్డీ 1972లో రేక్యావిక్‌లో జరిగిన ప్రపంచ విజేత పోటీలో ఫిషర్‌కు సహాయకుడిగా ఉన్నాడు.

క్రాస్‌టేబుల్‌కు మరో గొప్ప గుణం ఉంది: దాని తప్పును అదే పట్టి ఇస్తుంది. అందరూ అందరితో ఆడే పోటీలో 12 మంది ఉంటే 66 గేములు జరుగుతాయి, గేముకు ఒక పాయింటు (డ్రా అయితే చెరో అర) చొప్పున మొత్తం కచ్చితంగా 66 పాయింట్లు రావాలి. పాత సావనీరు ఒకదానిలో అచ్చయిన జిల్లా పోటీ పట్టికను కూడితే అర పాయింటు తక్కువ వచ్చింది. ఇలాంటప్పుడు చేయవలసింది ఒక్కటే. ఒకరి వరుసలో అర ఉంటే ఎదుటివారి వరుసలోనూ అరే ఉండాలి కనుక, గళ్లను జతజతలుగా సరిచూసుకుంటూ పోవాలి. అలా పోగా ఒకచోట ఒకరికి అర, రెండోవారికి సున్నా కనబడ్డాయి. సున్నా ఉన్న వరుసను కూడితే చివర వేసిన మొత్తానికి సరిగ్గా అర తక్కువైంది. కాబట్టి అది డ్రా అయిన గేమనీ, సున్నా అచ్చుతప్పనీ తేలింది. అందరూ అందరితో ఆడకుండా, ఇంచుమించు సమాన పాయింట్లున్నవారిని రౌండు రౌండుకూ జతచేసే స్విస్ పద్ధతిలో జరిగిన పోటీలకు ఈ లెక్క ఇంత గట్టిగా పనిచేయదు, ఎందుకంటే బై వచ్చినవారికి, అంటే ఆ రౌండులో జత దొరకనివారికి, ప్రత్యర్థి లేకుండానే పాయింటు వస్తుంది.

తేదీల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఆనంద్ 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, 9 గేములకు 9 పాయింట్లతో జాతీయ సబ్‌జూనియర్ గెలిచాడని చాలాచోట్ల ఒకే వాక్యంలో రాసేస్తారు. ఆయన పుట్టింది 1969 డిసెంబరు 11న. అంటే 1983లో ఆయనకు పద్నాలుగేళ్లు నిండి ఉన్నది చివరి మూడు వారాలు మాత్రమే. పోటీ ఆ మూడు వారాల్లో జరిగి ఉండాలి, లేదా సంవత్సరం, వయసు రెండింటిలో ఒకటి సుమారుగా వేసినదై ఉండాలి. పోటీ తేదీలున్న కాగితం చేతిలో లేకుండా ఈ వాక్యాన్ని ఎత్తి రాసుకోవడం నాకు సమ్మతం కాదు. చలికాలపు పోటీలన్నిటికీ ఈ చిక్కు ఉంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కార్పోవ్ గెలిచిన యూరోపియన్ జూనియర్ పోటీ డిసెంబరులో మొదలై జనవరిలో ముగిసింది కాబట్టి, జాగ్రత్త తెలిసినవారు దాన్ని 1967/68 అని రాస్తారు. మిగిలినవారు తోచిన సంవత్సరం వేస్తారు. అలాగే ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే, ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో చూపే ఎలో రేటింగును స్వీకరించింది 1970లో. అంతకు ముందటి పోటీ పట్టికలో ఫిడే రేటింగు అంటూ ఏదైనా కనబడితే అది తరువాతివారెవరో లెక్కగట్టి చేర్చినదే.

మన పేర్ల సంగతి వేరే కథ. 2001లో ఏథెన్స్‌లో బాలికల ప్రపంచ జూనియర్ గెలిచిన కోనేరు హంపి, 2004లో కొచ్చిలో జూనియర్ విజేత అయిన హరికృష్ణ, 2008లో గాజియాంటెప్‌లో బాలికల టైటిల్ సాధించిన ద్రోణవల్లి హారిక, ముగ్గురూ కృష్ణా, గుంటూరు ప్రాంతాలవారే. ఫిడే జాబితాలో మాత్రం హంపిని ‘కె’ అక్షరం కింద వెతకాలి, హారికను, హరికృష్ణను ‘హెచ్’ కింద వెతకాలి. మొదటి చోట ఇంటిపేరు ముందు వచ్చింది, తక్కిన రెండు చోట్లా సొంతపేరు ముందుకు వచ్చింది. అంతర్జాతీయ ఖ్యాతి ఉన్నవారి విషయంలోనే ఇలా ఉంటే, ఒక ఏడు ‘ఎస్. కిరణ్’గా, మరుసటి ఏడు ‘కిరణ్ కుమార్ ఎస్.’గా అచ్చయిన జిల్లా ఆటగాడు ఒక్కడో ఇద్దరో తేల్చడానికి ఊరు, బడి, పుట్టిన సంవత్సరం మూడూ కలవాలి. రెండే కలిస్తే నేను ఇద్దరుగానే ఉంచుతున్నాను.

ఇక స్థానిక పత్రికలు. ఈనాడు తిరుపతి సంచిక మొదలైంది 1982లో, జిల్లా టాబ్లాయిడ్లు వచ్చింది 1989లో. ఆ టాబ్లాయిడ్ల పుణ్యమా అని బడి మైదానంలో జరిగిన పోటీ కూడా ఫొటోతో సహా అచ్చుకెక్కింది. అంతకు ముందు జిల్లా జూనియర్ ఫలితం పడితే క్రీడల పుటలో మూలన రెండు వాక్యాలు, పడకపోతే అదీ లేదు. పత్రికలో మొదటి రోజు ప్రారంభోత్సవం, రిబ్బను కత్తిరించిన అతిథి, ఆయన ప్రసంగం నిండుగా ఉంటాయి. ఆఖరి రౌండు ఫలితం ఉండవలసిన పుటలో, వెనకవైపు ఉన్న ఉద్యోగ ప్రకటన కోసం ఎవరో బ్లేడుతో చక్కగా కోసుకుపోయిన చదరం ఉంటుంది. ఉద్యోగం వచ్చి ఉంటే సంతోషమే.

ఇంటర్నెట్‌లోని చెస్ రిజల్ట్స్ సైటు వాడకం మన దగ్గర స్థిరపడ్డాక జరిగిన పోటీలకు రౌండు రౌండు ఫలితాలు దొరుకుతాయి. అంతకు ముందటి కాలానికి మిగిలిన ఆధారం ఆటగాళ్ల ఇళ్లలోని స్కోరు షీట్లు, అంటే ఆడుతూ ఎత్తులు రాసుకునే కాగితాలు. అసలు కాగితం ఆర్బిటర్‌కు (పోటీ నిర్ణేతకు) చేరేది, కార్బన్ ప్రతి ఆటగాడి సంచిలోకి వెళ్లేది. ఆ మసక నీలం కాగితం మీద తేదీ, రౌండు, బోర్డు సంఖ్య, ఇద్దరి పేర్లు, చివర ఇద్దరి సంతకాలు ఉంటాయి. అటకల మీద నుంచి దించిన కొన్నింటిలో ఎత్తులు పాత పద్ధతిలో, ‘పి-కె4’ (రాజు ముందున్న బంటు నాలుగో గడికి) అని ఉన్నాయి. ఆ పద్ధతిలో ఎవరి వైపు నుంచి వారు గళ్లు లెక్కించుకుంటారు కాబట్టి, తెల్లవారి ‘పి-కె4’ ఈనాటి ‘ఇ4’ అయితే నల్లవారి ‘పి-కె4’ ‘ఇ5’ అవుతుంది. 1981 నుంచి ఫిడే, ‘ఇ4’ అని రాసే ఆల్జీబ్రాయిక్ పద్ధతిని మాత్రమే గుర్తిస్తోంది. కానీ పాత ఇంగ్లీషు పుస్తకాలతో ఆట నేర్చుకున్నవారి చెయ్యి అంత త్వరగా మారలేదు. కనుక ఎత్తులు రాసిన తీరును బట్టి షీటు వయసు కట్టడానికి వీలులేదు.

చివరికి తేల్చుకోవలసి వచ్చింది జిల్లా హద్దుల గురించి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. అంతకు ముందు ‘చిత్తూరు జిల్లా జూనియర్’ అంటే తిరుపతి, శ్రీకాళహస్తి, మదనపల్లె అన్నీ కలిసినది. మదనపల్లె అప్పుడు అన్నమయ్య జిల్లాకు వెళ్లింది, నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట, నాయుడుపేట తిరుపతి జిల్లాలో కలిశాయి. అంటే నేటి తిరుపతి జిల్లా జూనియర్ చరిత్రలో ఒక భాగం నెల్లూరు పోటీల కాగితాల్లో ఉంది. మాస్టారు వాటిని వదిలేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ప్రతి పోటీకీ ఆనాటి జిల్లా పేరు, పోటీ జరిగిన ఊరు, ఆటగాడి ఊరు మూడు వేర్వేరు గళ్లలో రాసి, నెల్లూరు పాత పత్రికలు చూడగలిగే మిత్రుల కోసం అడుగుతున్నాను. సూళ్లూరుపేట, నాయుడుపేటల్లో ఆడినవారి దగ్గర స్కోరు షీట్లుంటే ఫొటో తీసి పంపినా చాలు; వెనకవైపు కూడా తీయండి, ఆర్బిటర్లు కొన్నిసార్లు ఫలితాన్ని అక్కడే రాసేవారు.