బావగారు రాలేకపోయారు, అల్లుడుగారు వచ్చేశారు

ఇంగ్లాండ్ హిస్టరీ చదివేటప్పుడు నన్ను ఎప్పుడూ తికమక పెట్టేది ఆ చుట్టరికాలే. ఎవర్ని కదిపినా మేరీయే, పైగా ఇంగ్లీష్‌లో బ్రదర్ ఇన్ లా అంటే బావో బావమరిదో మరిదో తేలి చావదు. మొన్న విసుగొచ్చి వరసలన్నీ తెలుగులో రాసుకున్నా. అప్పుడు వెలిగింది, సరిగ్గా 100 ఏళ్ల తేడాతో ఇంగ్లాండ్ మీదకి వచ్చిన రెండు నౌకాదళాలూ దగ్గర చుట్టాలవే అని.

1588లో ఓడలు పంపింది స్పెయిన్ రాజు రెండో ఫిలిప్. ఈయన ఎలిజబెత్ రాణికి స్వయానా బావ, అంటే సవతి అక్క మేరీ మొగుడు. అక్క పోయిన కొన్ని నెలలకే మరదల్ని చేసుకుంటానని కబురు కూడా పంపాడు, ఆవిడ నాన్చి నాన్చి కుదరదంది. యుద్ధానికి కారణం అదే అనుకోకండి, మతం గొడవలు, నెదర్లాండ్స్‌లో తిరుగుబాటుదార్లకి ఎలిజబెత్ సాయం, స్పెయిన్ ఓడల్ని ఇంగ్లీష్ వాళ్లు దోచుకోవడం, ఇవన్నీ ఉన్నాయి.

పంపింది దాదాపు 130 ఓడలు. కానీ ఆ దండయాత్ర మొదటినుంచీ అపశకునాలే. నడిపించాల్సిన అనుభవజ్ఞుడు శాంతా క్రూజ్ ఆ ఫిబ్రవరిలోనే పోయాడు, ఆ పని నెత్తినపడ్డ మెదీనా సిడోనియా డ్యూక్ అయితే నాకు సముద్రం పడదు, ఓడెక్కితే కడుపులో తిప్పుతుంది, నన్నొదిలెయ్యండి మహాప్రభో అని రాజుకి ఉత్తరమే రాశాడు. రాజు వినలేదు. ఇంకోటి పీపాలు. ముందు ఏడాది ఇంగ్లీష్ నావికుడు డ్రేక్ వచ్చి స్పెయిన్, పోర్చుగల్ తీరాల్లో పీపాలు చేసే ఎండిన చెక్కల్ని గుట్టలుగా తగలబెట్టి పోయాడు, దాంతో పచ్చి చెక్కతో చేసిన పీపాల్లో నీళ్లు కారిపోయి, తిండి కుళ్లిపోయింది. నాకైతే ఫిరంగుల కథకన్నా ఈ పీపాల కథే ఎక్కువ గుర్తుండిపోయింది.

అసలు తప్పు మాత్రం ప్లాన్‌లోనే ఉంది. ఇంగ్లాండ్‌లో దిగాల్సిన అసలు సైన్యం ఓడల్లో లేదు, నెదర్లాండ్స్ వైపు ఫ్లాండర్స్‌లో స్పెయిన్ సేనాని పార్మా డ్యూక్ దగ్గరుంది. ఓడలు అక్కడికెళ్లి వాళ్లకి కాపలాగా ఇంగ్లీష్ ఛానల్ దాటించాలి. పెద్ద ఓడలు ఆ లోతులేని నీళ్లలోకి పోలేవు, పార్మా పడవలు బయటికొద్దామంటే డచ్ వాళ్ల చిన్న ఓడలు కాచుక్కూర్చున్నాయి. ఇలా ఫ్రాన్స్ తీరంలోని కలే అనే రేవు వద్ద లంగరేసి ఎదురుచూస్తుంటే ఒక రాత్రి ఇంగ్లీష్ వాళ్లు 8 ఓడలకి నిప్పంటించి గాలివాటున వీళ్లమీదకి వదిలారు. కంగారులో చాలామంది లంగరు తాళ్లు నరికేసుకుని పారిపోయారు. తర్వాత గాలి ఉత్తరానికి తోస్తే స్కాట్లాండ్ చుట్టూ తిరిగి ఇంటికెళ్దామనుకున్నారు, ఐర్లాండ్ రాళ్ల దగ్గర తుఫానులో లంగరు వేద్దామంటే లంగర్లేవీ, కలే దగ్గరే వదిలేసొచ్చారుగా.

ఇక 1688. ఈసారి వచ్చింది డచ్ నాయకుడు విలియం. అప్పటి ఇంగ్లాండ్ రాజు రెండో జేమ్స్ ఇతనికి స్వయానా మేనమామ, అమ్మకి తమ్ముడు. ఆ మేనమామ కూతురు మేరీనే పెళ్లి చేసుకున్నాడు. మన మేనరికమే! నోట్‌బుక్‌లో ఇది రాసుకున్నప్పుడు ఒక్కదాన్నే పగలబడి నవ్వా. ఆ జూన్‌లో జేమ్స్‌కి కొడుకు పుట్టాడు, అంటే కూతురికి రావాల్సిన సింహాసనం చెయ్యిజారింది, పైగా ప్రొటెస్టంట్లు ఎక్కువున్న దేశంలో ఆ పిల్లాడు తండ్రిలాగే కేథలిక్‌గా పెరుగుతాడు. పక్క వెచ్చబెట్టే నిప్పుల పళ్లెంలో ఎవరి బిడ్డనో దాచి తెచ్చారని పుకారు కూడా లేపారు. 7గురు పెద్దమనుషులు రహస్యంగా విలియంకి రమ్మని ఉత్తరం రాశారు. ఫ్రాన్స్ మీద పోరుకి ఇంగ్లాండ్ ఓడలూ డబ్బూ కావాలని అతనికీ ఉంది.

ఇతను 400 పైచిలుకు ఓడల్లో సైన్యాన్ని, గుర్రాల్ని, ఆఖరికి ప్రింటింగ్ ప్రెస్‌ని కూడా తనతోనే ఎక్కించుకున్నాడు. ఎక్కడా ఎవరినీ కలుపుకోనక్కర్లేదు. మొదటిసారి తుఫాను వెనక్కి కొట్టింది, గుర్రాలు వందల్లో చచ్చాయి. రెండోసారి వీచిన తూర్పు గాలి ఇతన్ని ఛానల్‌లోకి తోసింది, అదే గాలి ఇంగ్లీష్ నౌకాదళాన్ని థేమ్స్ ముఖద్వారం దగ్గర కట్టిపడేసింది. నవంబర్ 5న ఇంగ్లాండ్ నైరుతి తీరంలో టోర్బేలో దిగాడు.

బావగారికి ఇంగ్లాండ్‌లోంచి రమ్మని పిలిచిన ఇలాంటి పెద్దమనుషులు లేరు, అల్లుడుగారికి ఉన్నారు. జేమ్స్ సైన్యం పెద్దదే, కానీ సాలిస్‌బరీలో ఆయనకి ముక్కునుంచి రక్తం కారడం మొదలైంది, నమ్మిన సేనాని జాన్ చర్చిల్ గోడ దూకేశాడు, రెండో కూతురు ఆన్ కూడా అటువైపు వెళ్లిపోయింది. డిసెంబర్‌లో రాజముద్రని థేమ్స్‌లో పడేసి పారిపోతుంటే జాలర్లు పట్టుకుని వెనక్కి పంపారు. విలియంకి ఇది పెద్ద తలనొప్పి, మామగారిని చంపలేడు, ఉంచుకోలేడు. చివరికి రోచెస్టర్‌లో ఒక ఇంట్లో పెట్టి, ఇంటి వెనకవైపు మాత్రం కాపలా లేకుండా చూసుకున్నాడు. మామగారు ఆ దారినే ఫ్రాన్స్ వెళ్లిపోయారు.