కొలిచి ఇచ్చిన ఇళ్లు

మహారాష్ట్రలోని తుల్జాపూర్ భవానీ గుడి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. క్యూలో నిలబడ్డాం, అమ్మవారిని చూశాం, వెనకవాళ్లు తోసేస్తే బయటపడ్డాం. రాయాలనిపించింది తిరుగు ప్రయాణంలో ఉమర్గాలో దిగి కిల్లారి వెళ్లడం గురించే.

ముందు చార్జీల గోల. వెళ్లేటప్పుడు జహీరాబాద్ దాటి సరిహద్దు దాకా మన మహాలక్ష్మి పుణ్యమా అని జీరో టికెట్. కర్ణాటకలో అడుగు పెట్టగానే ఫుల్ టికెట్, వాళ్ల ఉచిత బస్సు పథకం ‘శక్తి’ వాళ్ల ఆడవాళ్లకే. మహారాష్ట్రలో ఎర్రబస్సెక్కితే ఆడవాళ్లకి సగం. అదే నేను, అదే ఆధార్, మూడు రేట్లు. ఇక ఉమర్గా నుంచి జీపువాడు 60 అడిగాడు. నా పక్కన కూర్చున్నాయన 40 ఇచ్చి దర్జాగా దిగిపోయాడు. మరాఠీలో పోట్లాడే సత్తా నాకు లేదు కాబట్టి నోరు మూసుకుని 60 ఇచ్చాను.

కిల్లారి పేరు మా ఇంట్లో అందరికీ తెలుసు. 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా భూకంపం. అప్పుడు సంగారెడ్డిలో ఉండేవాళ్లం. అటక మీది గిన్నెలు గలగల్లాడాయని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. నేను లేవనే లేదు. తర్వాత బడిలో పాత బట్టలు తెమ్మంటే, అమ్మ నా పొట్టయిపోయిన గౌన్లూ నాన్న ప్యాంట్లూ మూటకట్టి ఇచ్చింది. ఆ మూట ఎవరికి చేరి ఉంటుందోనని చాలాసార్లు అనుకున్నాను.

భూకంపం తర్వాత వేరే చోట కట్టిన కొత్త కిల్లారిలో మొదట చికాకు పుట్టించింది ఎండ. గీత గీసినట్టు తిన్నని రోడ్లు, రెండు లారీలు పక్కపక్కనే పోయేంత వెడల్పు, నీడ మాత్రం లేదు. ఊళ్లోకి కాదు, ఏదో ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లోకి వచ్చినట్టుంది. ఒక ఇంటి ముందు చిన్న కిరాణా కొట్టు కనిపిస్తే టీ దొరుకుతుందా అని అడిగాను. కొట్లో కూర్చున్న పెద్దావిడ టీ అమ్మనంది, కానీ లోపలికి రమ్మంది. ‘మావశీ’ (మరాఠీలో పిన్ని) అని పిలిస్తే సంతోషించింది. ఆమె హిందీ అచ్చం మన హైదరాబాద్ హిందీయే, మాటకో ‘నక్కో’. 1956 దాకా ఈ మరాఠ్వాడా కూడా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే కదా, ఆ వాసన ఇంకా పోలేదు.

లోపల నిలబడి చూస్తే ఇల్లు ఎంతో అర్థమైంది. ఒక గది, వంటకు ఒక మూల. మొత్తం 250 చదరపు అడుగులు. పాత ఊళ్లు వదిలేసి కొత్త చోట కట్టిన గ్రామాలు 52. వాటిలో ఇళ్లు మూడు సైజులు: 250, 450, 750. ఎవరికి ఏది అంటే, పోగొట్టుకున్నవాళ్లని బట్టి కాదు, ఇంట్లో ఎంతమంది ఉన్నారనీ కాదు, భూమిని బట్టి. భూమి లేనివాళ్లకీ, హెక్టారులోపు ఉన్నవాళ్లకీ చిన్నది. ఏడు హెక్టార్లు దాటితే పెద్దది. ప్రపంచ బ్యాంకు అప్పు, సర్కారు, దాతలు అందరూ కలిసి చేసిన పని అది. ఈ లెక్క ఎవరికి తోచిందో గానీ నాకు ఒళ్లు మండింది.

మావశీకి మండలేదు. ఆమెకి అందులో ఓ తమాషా కనిపించింది. వాళ్లది పాత ఊరి చివర గడ్డి గుడిసె. కూలి జనం. ఊరి మధ్యలో ఉన్నవాళ్లవి రాతి ఇళ్లు, మట్టితో పేర్చిన రెండడుగుల గోడలు, దూలాల మీద చలువ కోసం ఏటేటా వేసుకుంటూ పోయిన మట్టి కప్పు. ముందు రాత్రి గణపతి నిమజ్జనం, అలసిపోయి అందరూ గాఢనిద్రలో ఉన్నారు. ఆ బరువంతా వాళ్ల మీద పడింది. మొత్తం ఎనిమిది వేల మంది దాకా పోయారు. మావశీ గుడిసె ఊగి ఒక పక్కకి ఒరిగిందంతే. “గుడిసె ఉంది కాబట్టి బతికాం, గుడిసె ఉంది కాబట్టి చిన్న ఇల్లొచ్చింది” అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

బట్టల సంగతి అడిగాను. లారీలకు లారీలు వచ్చాయట. ఒకవైపు వానలు, ఆ కుప్పలు తడిసి కంపు కొట్టాయి. “మాకు కావలసింది తొమ్మిది గజాల చీర. వచ్చినవన్నీ ప్యాంట్లు, పిల్లల గౌన్లు.” సంగారెడ్డి మూట ఊసు నేను ఎత్తలేదు.

ఆమె చెల్లెలి ఊరి కథ వేరు. అది ఊరు మార్చని 1,300 గ్రామాల్లో ఒకటి, అక్కడ ఉన్న ఇళ్లనే బాగుచేసి గట్టిపరిచారు. గోడ మందమంతా పట్టేలా మధ్యమధ్య పొడుగు రాయి పెట్టడం, పైకప్పు మట్టి తోడేసి బరువు తగ్గించడం, ఇలాంటివి జనానికి చెప్పడానికి ఊరి ఆడవాళ్లనే సంవాద్ సహాయకులుగా, అంటే జనానికీ సర్కారుకీ మధ్య మాట చేరవేసేవాళ్లుగా పెట్టారు. చెల్లెలు మేస్త్రీనే దబాయించేదట. ఆ పనిలో డబ్బు లెక్కలు కూడా ఆడవాళ్లకి తెలిశాయని మావశీకి ఇప్పటికీ కొంచెం అసూయ. కిల్లారిలో తాళంచెవులు చేతికిచ్చారు, అంతే.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పిఠ్లా అనే శనగపిండి కూర, ఠేచా అనే పచ్చిమిర్చి పచ్చడి పెట్టింది. రొట్టె మనదే, ఠేచా మాత్రం చెవుల్లోంచి పొగలు తెప్పించింది. డబ్బు ఇవ్వబోతే తిట్టింది. కొట్లో రెండు బిస్కెట్ ప్యాకెట్లు కొంటే ఎమ్మార్పీకే ఇచ్చింది, పైసా తగ్గించలేదు.

అంతలో కొడుకు పొలం పని నుంచి వచ్చాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకున్నారు, ఇప్పుడు అతను పైన స్లాబు వేసి ఇంకో గది లేపుతానంటాడు. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, ఈ గదిలో ఆరుగురం ఎలా అంటాడు. ఆమె ససేమిరా. పైన రేకులు తప్ప ఏదీ వద్దంటుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన దానివి, నువ్వే చెప్పు అని నన్ను మధ్యలోకి లాగారు. ఇంజనీరుకి చూపించి, పునాది తట్టుకుంటుందంటే ఇనుము సరిగ్గా వేసి కట్టుకోండి, పరవాలేదు అన్నాను.

“అయితే ఆ స్లాబు కింద మొదటి రాత్రి నువ్వొచ్చి పడుకో” అంది మావశీ.