అరిసెల డబ్బా ఖాళీ అయ్యాక

సంక్రాంతికి ఆగిన వాకింగ్ మళ్లీ మొదలెట్టేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఒకటే: పాత 6 కిలోమీటర్లు మొదటిరోజే లాగించేయడం. ఆ పూట ఏమీ అనిపించదు. మర్నాటికి పిక్కలు పట్టేస్తాయి, రెండో రోజుకి మెట్లు దిగడమే కష్టం, షూస్ మళ్లీ మూలకి. మొదటి వారం 20 నిమిషాలు చాలు, ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగంతో. ఆపైన వారానికి 5 నిమిషాలు పెంచండి. సాక్స్‌తో సహా షూస్ రాత్రే గుమ్మం దగ్గర పెట్టేయండి. పొద్దున్నే వెతుక్కోవాల్సొస్తే మంచమే గెలుస్తుంది.

అన్నం ఒక్కసారిగా మానేయొద్దు. అలా మానేస్తే రాత్రి పదింటికి మిక్చర్ పొట్లం విప్పుతారు. మూడు గరిటెలు తినేవాళ్లు రెండు పెట్టుకుని, ఆ ఖాళీలో బీరకాయ పప్పో గోరుచిక్కుడు కూరో వేసుకోండి. ఆవకాయ జాడీ మాత్రం కాస్త దూరంగా. అది పళ్లెంలో ఉంటే ఇంకో ముద్ద అడుగుతూనే ఉంటుంది.